రెండేళ్ల నాటి రిపోర్టు

కిందటి వారం చుక్కలమ్మను నరాల పరీక్ష గదిలో, కుడిచేతికి తీగలు తగిలించి ఉండగా వదిలి వచ్చాం.

ఆమె అంధుల కోసం పుస్తకాలు అచ్చువేసే ప్రెస్సులో ప్రూఫ్ రీడరు. నాలుగేళ్ల వయసులో జ్వరం వచ్చి చూపు పోయింది. అప్పటినుంచి ఆమె చదువూ ఉద్యోగమూ కుడిచేతి చూపుడువేలి కొస మీదే నడిచాయి. బ్రెయిలీ చుక్కల లిపిని ఆమెలా చదివేవాళ్లు లేరని ప్రెస్సులో అందరూ చుక్కలమ్మ అంటారు. ఆ వేలు కొన్నాళ్లుగా మొద్దుబారుతూ వచ్చి, ఈ నెలలో పూర్తిగా మొద్దుబారిపోయింది. ఫ్యామిలీ డాక్టరు షుగరూ థైరాయిడూ చూసి, అవేమీ కాదని తేల్చి నరాల డాక్టరు దగ్గరికి పంపాడు. ఆయన నరాల పరీక్ష రాశాడు. పరీక్ష చేసే అమ్మాయి కంప్యూటర్లో ఆమె పేరు కొట్టి చూసి, "రెండేళ్ల కిందట కూడా వచ్చారుగా మేడం? అప్పుడే ఆపరేషన్‌కి చూపించమని రాశారే! వెళ్లలేదా?" అంది.

చుక్కలమ్మ ఆ మాట రెండు రోజులపాటు ఎవరితోనూ అనలేదు. వదినతో అసలే అనలేదు. ఎందుకంటే రెండేళ్ల కిందట ఆ రిపోర్టు ఆమెకు చదివి వినిపించింది వదినే.

ఈ వదిన ఆమె అన్న భార్య. అన్న పోయి ఎనిమిదేళ్లయింది. అప్పటినుంచి ఒకే ఇంట్లో ఇద్దరే ఉంటున్నారు. పనిచేసేదీ ఒకే ప్రెస్సులో, ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చుని. చుక్కలమ్మ ప్రూఫు కాగితం మీద వేలు నడిపిస్తూ పైకి చదువుతుంది. వదిన అసలు ప్రతి చేతిలో పట్టుకుని కళ్లతో వెంట నడుస్తుంది. విన్నదానికీ కనబడ్డదానికీ తేడా వస్తే గుర్తు పెడుతుంది. "ఆడపడుచు చెబుతుంటే వదిన నోరెత్తకుండా వినే చోటు లోకంలో ఇదొక్కటే" అని ప్రెస్సులో పరాచికాలాడేవాళ్లు.

ఇక ఈ ఉదయం. చేతి సర్జన్ గదిలో వాళ్లిద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు.

సర్జన్ ఆడమనిషి. గొంతును బట్టి యాభై దాటి ఉంటాయి. బల్ల ఇవతలికి వచ్చి, స్టూలు లాక్కుని, చుక్కలమ్మ చేతులు రెండూ తన ఒళ్లోకి తీసుకుంది. ముందు బొటనవేలి మొదట్లో ఉన్న కండను నొక్కి చూసింది.

"ఇక్కడ చిన్న దిండులా ఉండాలమ్మా. ఎడమచేతిది తాకి చూసుకోండి. ఇప్పుడు కుడిది."

తాకి చూసుకుంది. కుడిచేతికి అక్కడ దిండు లేదు, గుంట ఉంది. ఆ గుంట తనకు కొత్తేమీ కాదు. వయసు మీద పడి చేయి చిక్కిపోయిందనుకుంది.

సర్జన్ ఒక తీగను రెండుగా వంచి, ఆ కొసలు ఆమె చూపుడువేలికి ఆనించింది. "ఒక మొన తగిలిందా, రెండా?"

"ఒకటండి."

"ఇప్పుడు?"

"ఒకటే."

"ఇప్పుడు?"

చుక్కలమ్మ చెవి రిక్కించింది. సర్జన్ ఊపిరి బిగబట్టడం ఆమెకు వినిపించింది. జీవితమంతా మనుషుల ఊపిరిని చదివిన మనిషి.

"అన్నిసార్లూ రెండు మొనలే పెట్టారు కదండీ? ఎంత దూరంలో పెట్టారు?"

"చివరిసారి సెంటీమీటరు."

"మాకు చుక్కకీ చుక్కకీ మధ్య రెండున్నర మిల్లీమీటర్లండి," అంది చుక్కలమ్మ, అదేదో ప్రెస్సుకు కొత్తగా వచ్చినవాళ్లకు పని చెప్పినట్టు.

చిటికెన వేలి దగ్గర మాత్రం ప్రతిసారీ సరిగ్గానే చెప్పింది. ఆ వేలికి వెళ్లే నరం వేరంది సర్జన్. మణికట్టు దగ్గర ఇరుకైన దారిలో నలిగిపోయిన నరం బొటనవేలికీ, చూపుడువేలికీ, మధ్యవేలికీ, ఉంగరపు వేలిలో సగానికీ వెళ్లేదని చెప్పింది. తర్వాత లేచి వెళ్లి కాగితాలు తిరగేసింది. రెండు రిపోర్టులు. ఒకటి మొన్నటిది. ఒకటి రెండేళ్ల నాటిది.

"ఈ పాతదాంట్లో స్పష్టంగా రాశారమ్మా. నరం మీద ఒత్తిడి మధ్యస్థంగా ఉంది, ఆలస్యం చేయకుండా చేతి సర్జన్‌కు చూపించాలి అని కింద గీత కూడా గీశారు. అప్పుడు నరం నలిగింది గానీ చావలేదు. గోరుతో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నారు. ఎందుకు రాలేదు?"

"నాకు వేరేగా చదివి వినిపించారండి."

"వేరేగా అంటే?"

"నరం కొంచెం వాచిందనీ, రాత్రిపూట మణికట్టుకి పట్టీ కట్టుకుంటే సరిపోతుందనీ."

"ఎవరు చదివారు? మా ఆస్పత్రిలో వాళ్లా?" సర్జన్ గొంతులోకి కోపం వచ్చింది.

పక్క కుర్చీలో చేతిసంచీ జిప్పు తెరుచుకుంది. మూసుకుంది. మళ్లీ తెరుచుకుంది.

"గుర్తులేదండి," అంది చుక్కలమ్మ. "ఎవరో."

సర్జన్ ఇక రెట్టించలేదు. ఆపరేషన్ చేద్దామంది. చిన్నదే, పావుగంట పని. నరం మీద బిగుసుకున్న పట్టీని కోసి దానికి చోటిస్తుంది. రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని ఆ నొప్పి పోతుంది. తర్వాత కొన్ని నెలలు చేతి థెరపిస్టు దగ్గరికి వెళ్లాలి. అన్నీ విన్నాక చుక్కలమ్మ ఒక్కటే అడిగింది.

"చదవగలనా?"

"అమ్మా, మీ ఫ్యామిలీ డాక్టరు అనుమానించగలడు. నరాల డాక్టరు కొలవగలడు. నేను కోయగలను. థెరపిస్టు వేళ్లకి పని నేర్పగలదు. నలిగిపోతున్న నరాన్ని విడిపించడం వరకే మా చేతుల్లో ఉంది. ఎండిపోయినదాన్ని చిగురింపజేయడం మాలో ఎవరి చేతుల్లోనూ లేదు. వస్తువు పట్టుకుంటే తెలిసేంత స్పర్శ రావచ్చు. చుక్కలు విడివిడిగా తెలిసేంత వస్తుందని నేను మాటివ్వలేను. రాదనే అనుకోండి."

"ఎడమచెయ్యో?"

"దానికీ మొదలైంది. కానీ దాన్ని నిలబెట్టుకోవచ్చు."

ఎడమచేత్తో ఆమె ఎప్పుడూ చదవలేదు. దాంతో వరస తప్పకుండా కాగితం పట్టుకునేది, అంతే. నలభై మూడేళ్ల వయసులో ఆ చేత్తో మొదటినుంచి అక్షరాలు దిద్దుకోవాలి, అదీ అది నిలబడితే. చుక్కలమ్మ తలూపింది. సర్జన్ ఆపరేషన్‌కు తేదీ రాసి, రిపోర్టులతో కలిపి ఇచ్చింది. ఆ కాగితాలను వదిన అందుకోబోతే, "నాకివ్వండి" అని చుక్కలమ్మే తీసుకుంది.

బయటికి వచ్చాక అలవాటు ప్రకారం వదిన మోచెయ్యి ముందుకు చాపింది. చుక్కలమ్మ చేతికర్ర మడత విప్పింది. బస్టాపు దాకా కర్ర టకటకలాడుతూ ముందు నడిచింది, వదిన చెప్పుల చప్పుడు నాలుగడుగుల వెనక నడిచింది. బస్సులో ఇద్దరికీ పక్కపక్కనే సీట్లు దొరికాయి. అరగంట ప్రయాణంలో ఒక్క మాట లేదు. ఒకసారి మాత్రం వదిన, "కిటికీ వెయ్యనా, దుమ్ము కొడుతోంది," అంది. కిటికీ తెరిచే ఉంది.

ప్రెస్సుకు చేరేసరికి అందరూ భోజనాలకు వెళ్లారు. మిషన్లు ఆగి ఉన్నాయి. చదువుల గదిలో వాళ్ల బల్ల మీద ఉదయం ఎవరో పెట్టి వెళ్లిన ప్రూఫుల కట్ట ఉంది. దళసరి కాగితం వాసన. చుక్కలమ్మ తన కుర్చీలో కూర్చుంది. ఎదుటి కుర్చీ కిర్రుమనేదాకా ఆగింది.

"ఇప్పుడు చదువు వదినా," అంది, సంచీలోంచి పాత రిపోర్టు తీసి బల్ల మీద పెడుతూ. "ఉన్నది ఉన్నట్టు చదువు."

"ఆవిడ చదివిందిగా."

"నీ నోట వినాలి."

వదిన కాగితం అందుకుంది. చదివింది. సర్జన్ చెప్పిన మాటలే. చివరి వాక్యం దగ్గర ఆగింది.

"ఆలస్యం చేయకుండా," అని గుర్తు చేసింది చుక్కలమ్మ.

"ఆలస్యం చేయకుండా చేతి సర్జన్‌కు చూపించాలి."

"ఇందులో పట్టీ అనే మాట ఉందా?"

"లేదు."

"మరి ఎక్కడినుంచి తెచ్చావు?"

"మందుల షాపతను అన్నాడు. తిమ్మిరికి పట్టీలు కడతారని." వదిన మాటలు తడబడ్డాయి. "కత్తి పెడతారంటే భయమేసింది చుక్కా. ఎక్కడైనా తేడా వస్తే ఆ వేలు పోతే, నువ్వేం కావాలి? నీకోసమే అనుకున్నాను..."

"నాకోసమా?"

వదిన ముక్కు తుడుచుకుంది. తర్వాత వచ్చిన గొంతు వేరేగా ఉంది, ఏడుపు ఆపేసుకున్నాక వచ్చే పొడి గొంతు.

"కాదు. నాకోసమే. మూడు నెలలు నువ్వు ఇంట్లో కూర్చుంటే ఈ కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెడతారు. వాళ్లకి వాళ్ల మనిషి ఉంటుంది. నీ నోరు లేకపోతే నా కళ్లతో వీళ్లకేం పని? నాకు ఇంకేం వచ్చు? మీ అన్న పోయాక పొద్దున్నే లేవడానికి నాకు మిగిలింది ఈ కుర్చీ ఒక్కటే. అప్పుడు ఆ నిఘంటువు పని నడుస్తోంది. అది అయిపోగానే చెబుదామనుకున్నాను. అదయ్యాక బడి పుస్తకాలొచ్చాయి. అవి అయ్యేసరికి ఆర్నెల్లు దాటింది. ఇప్పుడు చెబితే అప్పుడెందుకు చెప్పలేదంటావు. ఏడాదయ్యాక ఇంక ఏ మొహం పెట్టుకుని చెప్పను? తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాను."

"నేను రాత్రిళ్లు లేచి చెయ్యి విదిలించుకుంటుంటే నువ్వు మెలకువగానే ఉండేదానివి."

"ఊఁ."

"వేడినీళ్లు పెట్టి తెచ్చేదానివి."

"ఊఁ."

చుక్కలమ్మ రెండు చేతులూ బల్ల మీద పరిచింది. తిడుతుందనుకుంది వదిన. తిడితే బాగుండుననుకుంది. ఆమె మామూలు గొంతుతోనే మాట్లాడింది.

"కళ్లు పోయినప్పుడు నాకు నాలుగేళ్లు వదినా. ఏం పోయిందో తెలిసే వయసు కాదు. అమ్మ ఏడుస్తుంటే ఎందుకేడుస్తోందో అర్థమయ్యేది కాదు. ఈసారి నాకు తెలుసు. పోయిందేంటో పేజీలతో సహా తెలుసు."

వదిన బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఆమె కుర్చీ పక్కన నేల మీద కూలబడింది. ఆమె మోకాలి మీద తల పెట్టింది. చుక్కలమ్మ తల నిమరలేదు, కాలు వెనక్కి తీసుకోనూ లేదు. అలా ఎంతసేపు ఉన్నారో. బయట వరండాలో ఎవరో పంపు తిప్పి గిన్నె కడుక్కుని వెళ్లిపోయారు.

అప్పుడు చుక్కలమ్మకు ఒక ఆలోచన తట్టింది. అది తట్టగానే వీపు నిటారుగా అయింది.

"వదినా, లేచి కూర్చో. ఒక్క సంగతి చెప్పు. ఈ రెండేళ్లలో నేను తప్పులు చదివానా?"

"వదిలెయ్యి చుక్కా."

"చదివానా?"

"కిందటేడు నుంచి. మొదట్లో రోజుకి ఒకటో రెండో. ఈమధ్య పేజీకి నాలుగైదు."

"చదివితే ఏం చేసేదానివి?"

"మొదట్లో గుర్తు పెట్టేదాన్ని. అచ్చు ప్లేట్లు కొట్టేవాళ్లు చూసి, చుక్కలన్నీ సరిగానే ఉన్నాయి, తప్పెక్కడుంది అని తిరిగి పంపేవాళ్లు. నాలుగుసార్లు అలా జరిగితే నీ వేలి సంగతి వాళ్లకి తెలిసిపోదా? అందుకని..."

"అందుకని?"

"నువ్వు తప్పు చదివితే, అచ్చు సరిగ్గానే ఉంటుంది, నీ వేలిదే పొరపాటు అనుకుని వదిలేసేదాన్ని."

"అన్నీనా?"

వదిన కొంగుతో కళ్లు ఒత్తుకుంది. చుక్కలమ్మ కుర్చీ వెనక్కి తోసుకుని లేచి నిలబడింది. ఆమె మొహంలో ఇప్పటిదాకా లేని భయం చూసి వదిన కూడా లేచింది.

"చక్కెర జబ్బు పుస్తకం," అంది చుక్కలమ్మ. "అసలు ప్రతి తియ్యి. బీరువాలో ఉంటుంది."

కిందటి నెల ఒక క్లినిక్ వాళ్లు వేయించుకున్న చిన్న పుస్తకం అది. చూపులేనివాళ్లు తమంతట తామే ఇన్సులిన్ సూది ఎలా వేసుకోవాలో, రక్తంలో చక్కెర ఎంతుంటే ఎంత మందు ఎక్కించుకోవాలో చెప్పే పుస్తకం. ఆ పుస్తకం కావాలని అందరికంటే ముందు అడిగింది పిచ్చుక. చుక్కలమ్మ చదివిన అంధుల బడిలో పక్క మంచం పిల్ల. గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుందని ఆ పేరు. టెలిఫోన్ ఆపరేటరుగా చేసి, ఉద్యోగం మానేసి, ఒంటరిగా ఉంటోంది. ఇన్నాళ్లూ సూది వేయడానికి పక్కింటావిడ వచ్చేది. "ఇక ఎవరి గుమ్మంలోనూ నిలబడక్కర్లేదే, మీ పుస్తకం రానీ!" అంటూ నెల్లాళ్లు వేధించి, మొన్న ప్రెస్సుకు వచ్చి మొదటి కాపీ పట్టుకెళ్లింది.

"వెనకవైపు మందు మోతాదుల పట్టిక ఉంటుంది చూడు. చివరి వరస. పడుకునే ముందు అని," అంది చుక్కలమ్మ.

కాగితాలు కదిలాయి. "ఆఁ, ఉంది."

"ఎంతుంది?"

"ఐదు."

"నేను ఎనిమిది అని చదివాను."

వదిన పట్టికను ఇంకోసారి చూసింది.

"నాకు గుర్తుంది. పై వరసల్లో మూడు, నాలుగు అని వస్తూ ఉన్నట్టుండి ఎనిమిది వచ్చిందేంటని వేలు రెండుసార్లు వెనక్కి పెట్టాను. ఎనిమిదేనా వదినా అని నిన్ను అడిగాను కూడా. నువ్వేమన్నావు?"

"ఆఁ, పద అన్నాను." వదిన గొంతు వినపడీ వినపడకుండా ఉంది. "నీ వేలు అనుకున్నాను."

"అచ్చయిన కాపీ ఒకటి తీసుకురా."

వదిన బీరువాలో వెతికి తెచ్చింది. చుక్కలమ్మ ఆ పేజీ తీసి చూపుడువేలు ఆనించింది. ఏమీ తెలియలేదు. గరుకుగా ఏదో తగిలింది, అంతే, గోడను తాకినట్టు. నెలరోజుల కిందట ఇదే చోట రెండుసార్లు ఆగిన వేలు.

"నువ్వు చూడు," అంది.

"నాకు చుక్కలు రావు చుక్కా. పదకొండేళ్లు పక్కన కూర్చున్నాను గానీ ఎప్పుడూ నేర్చుకోలేదు."

"చదవక్కర్లేదు. లెక్కపెట్టు. చివరి వరసలో ముందు అంకె గుర్తు ఉంటుంది, నాలుగు చుక్కలు, తలకిందులైన మెట్టులా. దాని పక్క గడిలో ఎన్ని చుక్కలున్నాయో చెప్పు. ఐదైతే రెండే ఉంటాయి."

వదిన కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంది. తెల్లకాగితం మీద తెల్లచుక్కలు. గోరు కొసతో ఒక్కొక్కటే ముట్టుకుంటూ లెక్కపెట్టింది. ఒకసారి లెక్కపెట్టి ఆగింది. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది.

"చెప్పు."

"మూడు."

మూడు చుక్కలంటే ఐదు కాదు, ఆమె చదివిన ఎనిమిదే. ఆ రోజు వేలు తప్పు చదవలేదు. తప్పు అచ్చు ప్లేటుది. పోయే ముందు ఆ వేలు సరిగ్గా పట్టుకున్న ఆఖరి తప్పు అదేనేమో, దాన్ని నమ్మినవాళ్లు లేరు.

"ఎన్ని వెళ్లిపోయాయి?" అంది చుక్కలమ్మ.

"అన్నీ. మొన్న పార్శిలు కట్టేశారు."

ఐదు బదులు ఎనిమిది ఎక్కితే నిద్రలో చక్కెర పడిపోయి మనిషి లేవకపోవచ్చు. చుక్కలమ్మ అప్పటికే ఫోను చేతిలోకి తీసుకుంది. మొద్దుబారిన వేళ్లలోంచి ఫోను బల్ల మీదికి జారిపడింది. వదిన దాన్ని అందుకుని పిచ్చుక నంబరు నొక్కి ఆమె చెవి దగ్గర పెట్టింది. మోగింది. ఆగిపోయేదాకా మోగింది. పిచ్చుక ఫోను రెండోసారి మోగనిచ్చే మనిషి కాదు. ఇరవై ఏళ్లు ఫోన్లు ఎత్తే ఉద్యోగం చేసింది.

"మళ్లీ చెయ్యి."

మళ్లీ మోగింది. ఆరో, ఏడో మోత మధ్యలో ఎవరో ఎత్తారు.

"పిచ్చుకా! ఒసేయ్, ఆ పుస్తకం చూసి రాత్రి సూది..."

అవతల పిచ్చుక కాదు. ఎవరో మగమనిషి, ఆయాసపడుతున్నాడు. అతని వెనక ఇంకా నాలుగైదు గొంతులు, ఏదో బరువైనదాన్ని గుమ్మంలోంచి జాగ్రత్తగా తిప్పుతున్న చప్పుడు.

"ఈ ఇంటావిడకి మీరేమవుతారండీ?" అన్నాడతను.